‘రాకుండా ఆపింది’ ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి ఎందుకు తిరగబడుతుంది?

ప్రివెంట్ హిమ్ ఫ్రమ్ గోయింగ్, అక్యూజ్ హర్ ఆఫ్ లయింగ్, థాంక్ యూ ఫర్ కమింగ్. క్రియ, మనిషి, ఓ చిన్న ప్రిపొజిషన్, దాని వెనక ఐఎన్‌జీ రూపం. ఈ వరస మీకు తెలుసనే అనుకుంటున్నాను. మామూలు వాక్యంలో దాదాపు అందరూ సరిగ్గానే రాస్తారు. వాక్యంలోకి ఓ ‘లేదు’గానీ ‘వద్దు’గానీ వచ్చిందా, అక్కడ మొదలవుతుంది గోల. ఏళ్ళ తరబడి పేపర్లు దిద్దుతున్నాను, ఎర్ర ఇంకు ఎక్కువగా పోయేది ఇక్కడే.

సమస్య: “హి డిడ్ నాట్ ప్రివెంటెడ్ మి టు గో”

రెండు తప్పులున్నాయి. డిడ్ పక్కన క్రియ మొదటి రూపంలోనే ఉండాలి, కాబట్టి ప్రివెంట్. ఇక ‘టు గో’ ఎక్కడిదంటే, “టోల్డ్ మి టు గో” అని అలవాటైన నోరు ప్రివెంట్‌కి కూడా అదే తగిలిస్తుంది. “హి డిడ్ నాట్ ప్రివెంట్ మి ఫ్రమ్ గోయింగ్” అని రాయండి. డిడ్ పక్కన ఏముంది, మనిషి పక్కన ఏముంది, ముందు ఈ రెండే చూసుకోండి. పది సెకన్ల పని. చూడరు. చూడకుండా పెద్ద పెద్ద రూల్సు అడుగుతారు.

సమస్య: గ్రామర్ బాగానే ఉంది, అర్థం మాత్రం తలకిందులు

అసలు దొంగ ఇది. నన్నూ దెబ్బకొట్టింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మీటింగుకి వెళ్ళలేక, మా పై ఆఫీసరుకి మెయిల్ పెట్టాను: “ద రెయిన్ ప్రివెంటెడ్ మి ఫ్రమ్ నాట్ అటెండింగ్ ద మీటింగ్.” స్పెల్ చెక్‌లో ఒక్క ఎర్ర గీత పడలేదు. ఆయన జవాబు ఒక్క లైను: “అయితే వచ్చావన్నమాట. ఏ కుర్చీలో కూర్చున్నావు?”

కారణం మన ‘కుండా’. తెలుగులో “వాన నన్ను రాకుండా ఆపింది” అంటాం. రాకపోవడం అనే సంగతి ‘రాకుండా’లోనే ఉంది. అది చెవిలో మోగుతుంటే, ఇంగ్లీషు రాసేటప్పుడు దానికో నాట్ బాకీ ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ ఆ బాకీని ‘ప్రివెంట్... ఫ్రమ్’ ముందే తీర్చేసింది. ఇక్కడ ఫ్రమ్ అంటే కుండా. దాని పక్కన ఇంకో నాట్ పెడితే “రాకుండా ఉండకుండా ఆపింది” అవుతుంది. అంటే ఎలాగైనా వచ్చేలా చేసింది.

పరిష్కారం: ఫ్రమ్ కనబడిన చోట ‘కుండా’ అని పైకి చదవండి. దాని పక్కనే నాట్ ఉంటే కొట్టేయండి. ప్రివెంట్, స్టాప్, కీప్, డిస్కరేజ్, ప్రొహిబిట్, బ్యాన్, అన్నిటికీ ఇదే మందు.

ఇప్పుడు దీన్నే లేదు అర్థంలోకి మార్చండి: “వాణ్ణి వెళ్ళకుండా నేను ఆపలేదు.” తెలుగులో రెండు లేమిలు కనబడుతున్నాయి, వెళ్ళకుండా ఒకటి, ఆపలేదు ఒకటి. ఇంగ్లీషులో నాట్ దక్కేది రెండోదానికే. “ఐ డిడ్ నాట్ స్టాప్ హిమ్ ఫ్రమ్ గోయింగ్.” నవ్వకుండా ఉండలేకపోయాను అన్నా అంతే, “ఐ కుడ్ నాట్ స్టాప్ మైసెల్ఫ్ ఫ్రమ్ లాఫింగ్.”

ఫ్రమ్ నిజంగా ఇంత పని చేస్తుందా అని అనుమానముంటే దాన్ని పీకి చూడండి. “కీప్ ద బేబీ ఫ్రమ్ క్రయింగ్” అంటే పాపని ఏడవకుండా చూడు. “కీప్ ద బేబీ క్రయింగ్” అంటే ఏడిపిస్తూనే ఉండు. స్టాప్, ప్రివెంట్ దగ్గర బ్రిటిష్ వాళ్ళు ఫ్రమ్ లేకుండా కూడా రాస్తారు, అర్థం మారదు. కీప్ దగ్గర మాత్రం ఆ ధైర్యం చేయొద్దు.

కుండాకి అక్కచెల్లెళ్ళున్నారు. “తినకుండా వెళ్ళాడు” అంటే “వితౌట్ ఈటింగ్”, నడుమ నాట్ లేదు. “వెళ్ళొద్దని హెచ్చరించాడు” దగ్గర రెండు దార్లు: “వార్న్డ్ మి నాట్ టు గో”, లేదా “వార్న్డ్ మి అగైన్‌స్ట్ గోయింగ్”. రెండూ కలిపి “అగైన్‌స్ట్ నాట్ గోయింగ్” అంటే, వెళ్ళకపోతే నీకే నష్టం అని బెదిరించినట్టు. ఓ అపార్టుమెంటు గేటు మీద “ప్లీజ్ స్టాప్ యువర్ చిల్డ్రన్ ఫ్రమ్ నాట్ ప్లేయింగ్ నియర్ ద ట్రాన్స్‌ఫార్మర్” అన్న నోటీసు చూశాను. వాచ్‌మన్ దగ్గర పెన్ను అడిగి తీసుకుని ఆ నాట్ కొట్టేసి వచ్చాను.

సమస్య: పైది నేర్చుకున్నాక అన్నిచోట్లా నాట్ పీకేయడం

ఇది నా క్లాసులో రెండోరోజు జబ్బు. “పెళ్ళికి రానందుకు అత్తయ్య తిట్టింది” అంటే “స్కోల్డెడ్ మి ఫర్ కమింగ్” అని రాసుకొస్తారు. వచ్చినందుకు తిట్టిందా పాపం!

ఫర్ అంటే ‘అందుకు’, అంతే. దాని కడుపులో ఏ లేదూ లేదు. అందుకని తెలుగులో లేమి ఏ క్రియకు అంటుకుని ఉంటే ఇంగ్లీషులోనూ దానికే నాట్ పెట్టండి. రానందుకు తిట్టింది: “స్కోల్డెడ్ మి ఫర్ నాట్ కమింగ్.” వచ్చినందుకు తిట్టలేదు: “డిడ్ నాట్ స్కోల్డ్ మి ఫర్ కమింగ్.” ఆఫ్ కూడా ఈ జట్టే. బిల్లు కట్టలేదని నింద వేశాడంటే “అక్యూజ్డ్ మి ఆఫ్ నాట్ పేయింగ్ ద బిల్”, దొంగతనం చేశానని అనలేదంటే “డిడ్ నాట్ అక్యూజ్ మి ఆఫ్ స్టీలింగ్”.

నాట్ చోటు మారితే కథే మారుతుంది. “ఐ థాంక్డ్ హర్ ఫర్ నాట్ టెల్లింగ్ మై ఫాదర్” అంటే నాన్నకి చెప్పనందుకు థాంక్స్ చెప్పాను. “ఐ డిడ్ నాట్ థాంక్ హర్ ఫర్ టెల్లింగ్ మై ఫాదర్” అంటే ఆవిడ చెప్పేసింది, ఇంట్లో పెంట అయింది.

మిగతావి

“ఫర్ డోంట్ కమింగ్” అని రాసేవాళ్ళు అరుదు. ప్రిపొజిషన్ పక్కన డోంట్ కూర్చోదు, నాట్ పెట్టండి. “హావింగ్ నాట్ పెయిడ్”, “నాట్ హావింగ్ పెయిడ్” అని తర్జనభర్జన పడకండి, నాట్‌ని ముందు పెట్టి ముందుకెళ్ళండి. హిమ్ గోయింగా, హిజ్ గోయింగా అనే గొడవ ఈ వాక్యాల్లో అసలు రాదు.

మరి ఫ్రమ్ పక్కన నాట్ ఎప్పటికీ రాదా అని ఎవరో ఒకరు అడుగుతారు. వస్తుంది. మెయింటెనెన్స్ కట్టకుండా ఎగ్గొట్టేవాళ్ళని ఆపాలంటే “స్టాప్ దెమ్ ఫ్రమ్ నాట్ పేయింగ్” వ్యాకరణం ప్రకారం సరైనదే. కానీ చదివేవాడు రెండుసార్లు ఆగాలి. “మేక్ దెమ్ పే” అని రాసేయండి.