ఒకే ఇంట్లో రెండు నెట్‌వర్క్‌లు

ఇంట్లో అన్నిటికీ ఇంటర్నెట్ వస్తోంది. అయినా కేబుల్‌తో ఉన్న డెస్క్‌టాప్ నుంచి వైఫైలోని ల్యాప్‌టాప్ ఫోల్డరు తెరుచుకోదు. కేబుల్‌తో ఉన్న ప్రింటరు ఫోనుకు కనబడదు. ఇలాంటప్పుడు కేబుళ్లు మార్చుకుంటూ కూర్చోవడం దండగ, ముందు ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఉండే అంకెల చిరునామాలు) చూడాలి. డెస్క్‌టాప్‌ది 192.168.1తో, ల్యాప్‌టాప్‌ది 192.168.0తో మొదలయ్యాయి. అంటే రెండూ వేర్వేరు నెట్‌వర్క్‌లలో ఉన్నాయి. గుట్టు అక్కడే బయటపడింది.

ఫైబర్ కనెక్షన్‌తో ఇచ్చిన పెట్టె కూడా రూటరే. డెస్క్‌టాప్, ప్రింటరు కేబుల్‌తో దానికే ఉన్నాయి. దాని వెనక ఉన్న మా వైఫై రూటరు వేరే అడ్రసులు పంచుతూ, బయటి నుంచి, అంటే ఫైబర్ పెట్టె వైపు నుంచి వచ్చే పిలుపులను గుమ్మంలోనే ఆపేస్తోంది. ప్రింటరును వెతికే సందేశాలూ ఆ గడప దాటవు.

ముందు వైఫై రూటరు అడ్రసును 192.168.1.2గా మార్చి, డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రసులు పంచే పని) ఆపేశాను. ఫైబర్ పెట్టె పంచే వరుసలో ఆ అంకె లేకుండా చూసుకోవడం తప్పనిసరి. లేకపోతే రెండు పరికరాలకు ఒకే అడ్రసు పడి మళ్లీ చిక్కే. తర్వాత ఫైబర్ పెట్టె నుంచి వచ్చే కేబుల్‌ను వైఫై రూటరు వ్యాన్ పోర్టు (ఇంటర్నెట్ వచ్చే రంధ్రం) నుంచి తీసి ల్యాన్ పోర్టులో (ఇంట్లోని పరికరాలను కలిపే రంధ్రంలో) పెట్టాను. యాక్సెస్ పాయింట్ మోడ్ (అడ్రసులు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చే పద్ధతి) ఉన్న రూటరైతే అది ఎంచుకుంటే చాలు, ఇంత పని ఉండదు.

వైఫై ఆపి మళ్లీ వేయగానే ఫోనుకు ప్రింటరు దొరికింది. ఫోల్డరు కోసం మాత్రం ల్యాప్‌టాప్‌లో, విండోస్ సెట్టింగుల్లో ఆ వైఫైని ‘ప్రైవేట్’గా (నమ్మదగిన నెట్‌వర్క్‌గా) మార్చాల్సి వచ్చింది.