ఎదుటి జట్టు ఆటగాణ్ణి పిలిచే ముందు

తిరుపతిలో బీజీఎంఐ (ఫోన్లో ఆడే బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా ఆట) జట్టు నడుపుతూ, చిత్తూరు జట్టులోని మంచి ఆటగాణ్ణి తీసుకోవాలనుకునేవారు ముందుగా అతని ఒప్పందం ఎప్పటితో ముగుస్తుందో తెలుసుకోవాలి. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే కంప్యూటర్ ఆట పోటీల విషయంలో, దానిని తయారుచేసిన రయట్ గేమ్స్ సంస్థ ఆ ముగింపు తేదీలను అందరికీ కనిపించే జాబితాలో ఉంచుతూ వచ్చింది. చిన్న ఊళ్ల జట్లకు అటువంటి వీలు ఉండదు కనుక, ఆ జట్టు నిర్వాహకుణ్ణే నేరుగా అడగడం మర్యాద. ఒప్పందం నడుస్తుండగా నిర్వాహకుడికి తెలియకుండా చాట్ యాప్ అయిన డిస్కార్డ్‌లో ఆటగాడికి సందేశాలు పంపడమైనా, స్నేహితుడి ద్వారా కబురంపడమైనా, జీతం ఆశ చూపి అతనిచేత పాత జట్టులో గొడవ పెట్టించడమైనా ఒకటే తప్పు. రయట్ నియమాలు కూడా దీనిని నిషేధిస్తాయి.

నిర్వాహకుడు సరేనంటే విడుదల షరతులను కాగితం మీద పెట్టుకోవాలి. 18 ఏళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం చెల్లదు కనుక, మాటలు తల్లిదండ్రులతోనే జరగాలి (ఇంటర్ పరీక్షల ముందు వెళితే ఏ జవాబు వస్తుందో వేరే చెప్పనక్కరలేదు). ఒప్పందం ముగిశాక కూడా ఏడాదిపాటు మరెవరికీ ఆడకూడదనే షరతు అదే చట్టంలోని 27వ సెక్షన్ ముందు సాధారణంగా నిలవదు. దానిని చూపి కుర్రవాణ్ణి బెదిరించే జట్టుదే తప్పని నా అభిప్రాయం. వచ్చినవాణ్ణి పాత జట్టు వ్యూహాలు మాత్రం అడగకూడదు.