రోబో చేతి లెక్కలు, 6వ పాఠం: కోణాన్ని ఎక్కడి నుంచి కొలిచారు?

చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు పలకను ఎత్తిపట్టిన రెండు లింకుల (కీళ్లను కలిపే కడ్డీల) రోబో చేతికి మోచేతి కీలు వద్ద ఎంత టార్క్ (కీలును తిప్పే ప్రభావం) కావాలో గత పాఠంలో కట్టమన్నాను. ఎక్కువమంది 9.03 న్యూటన్-మీటర్లు అని పంపారు. సరైన విలువ 18.05. సరిగ్గా సగం వచ్చింది గనుక ఎక్కడో ఒక 2 జారిపోయిందని కొందరు సరిపెట్టుకున్నారు కానీ, జారింది 2 కాదు, కోణం.

దత్తాంశాలు మళ్లీ చూడండి. మొదటి లింకు 0.5 మీటర్లు, 4 కిలోలు, రెండవది 0.4 మీటర్లు, 2 కిలోలు, పలక 3.6 కిలోలు. లింకుల గరిమనాభులు (బరువంతా కేంద్రీకృతమైనట్టు తీసుకునే బిందువులు) నడిమధ్యన ఉన్నాయి. భుజం కోణం నేలమట్టం నుంచి 60 డిగ్రీలు, మోచేతి కోణం మైనస్ 60. మోచేతి మోటారుకు తెలిసిన కోణం మొదటి లింకు నుంచి కొలిచినది. గురుత్వానికి మాత్రం నేలమట్టం తప్ప మరొకటి తెలియదు. కాబట్టి రెండవ లింకు వాలు 60 నుంచి 60 పోగా సున్నా, అంటే అది నేలకు సమాంతరంగా చాచుకుని ఉంది. మీరు కొసైన్ మైనస్ 60 వేసి, అడ్డదూరాన్ని, అంటే కీలు నుంచి బరువు వరకు నేలకు సమాంతరంగా కొలిచే దూరాన్ని, సగం చేశారు. ఆ జవాబును నమ్మి మోటారు కొంటే పలక నేలపాలే. కోణాలు కూడకుండా కొసైన్ వేయవద్దని మూడవ పాఠంలోనే చెప్పాను. బొమ్మ గీసుకోకుండా లెక్క మొదలుపెట్టేవారికి ఇది తప్పదు.

మోచేతి వద్ద లింకు వాటా 2 × 9.81 × 0.2, అంటే 3.92, పలక వాటా 3.6 × 9.81 × 0.4, అంటే 14.13. భుజం నుంచి మొదటి లింకు, రెండవ లింకు, పలకల అడ్డదూరాలు వరుసగా 0.125, 0.45, 0.65 మీటర్లు, భుజం వద్ద మొత్తం టార్క్ 36.69 న్యూటన్-మీటర్లు.

శక్తుల నుంచి సమీకరణాలు రాబట్టే లగ్రాంజ్ పద్ధతి అందమైనదే గానీ, చేత్తో కట్టేటప్పుడు నేను కొస నుంచి మొదలుకే వస్తాను. 1980లో లూ, వాకర్, పాల్ ప్రచురించిన, ఒక్కో లింకు మీది బలాలను విడిగా లెక్కగట్టే న్యూటన్-ఆయిలర్ పద్ధతిలోనూ బలాల లెక్క ఈ దారినే నడుస్తుంది.

అభ్యాసం: ఇదే భంగిమలో నిశ్చలంగా ఉన్న చేతిలో మోచేయి మాత్రమే సెకను వర్గానికి 3 రేడియన్ల త్వరణంతో పైకి కదలనారంభించింది. లింకులను ఏకరీతి కడ్డీలుగా, పలకను కొసన ఉన్న బిందువుగా తీసుకోండి. మోచేతికి అదనంగా 2.05 న్యూటన్-మీటర్ల టార్క్ కావాలి. కదలని భుజానికి అంతకంటే ఎక్కువగా, 3.43 ఎందుకు కావాలో బలాల బొమ్మ గీసి రాబట్టండి.