స్విచ్ అలర్ట్‌లు: ఊరికే మోగుతుంటే, అవసరానికి మోగకపోతే

చెన్నై ఓఎంఆర్‌లో నైట్ షిఫ్టులో నెట్‌వర్క్ మానిటరింగ్ చూసే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అలర్ట్ వస్తే లేచి చూడాలన్న నమ్మకం పోయిన చోట మానిటరింగ్ ఉన్నా లేనట్టే. ఆ నమ్మకాన్ని పోగొట్టేది చాలాసార్లు థ్రెషోల్డ్ (అలర్ట్ మోగే హద్దు) పెట్టిన తీరే.

సమస్య: అప్‌లింక్ అలర్ట్ వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది

అప్‌లింక్ అంటే స్విచ్‌ను మిగతా నెట్‌వర్క్‌కు కలిపే లింకు. దాని వాడకంపై అలర్ట్ మోగడానికీ క్లియర్ కావడానికీ 80 శాతం ఒక్కటే పెడితే, ట్రాఫిక్ 79, 81 మధ్య ఊగినంతసేపూ అలర్ట్ మోగుతూనే ఉంటుంది. మోగడానికి 80, క్లియర్ కావడానికి 70 పెట్టండి. వరుసగా మూడు పోలింగ్‌లలో (స్విచ్‌ను అడిగి అంకె చదివే ప్రతిసారీ ఒక పోలింగ్) దాటితేనే మోగాలని షరతు కూడా చేర్చండి. రాత్రి బ్యాకప్ వల్ల మోగుతోందని అన్ని స్విచ్‌లకూ 95కి పెంచేయడం మాత్రం తప్పు. ఆ ఒక్క లింకుకు, ఆ వేళకే వేరే పాలసీ రాయాలి.

సమస్య: కాల్స్ తెగుతున్నాయంటారు, గ్రాఫ్ 30 శాతమే చూపిస్తుంది

అందరినీ ఎక్కువగా తికమక పెట్టేది ఇదే. గ్రాఫ్‌లో కనిపించేది ఐదు నిమిషాల సగటు. పోర్టు పది సెకన్లు పూర్తిగా నిండిపోయినా, 300 సెకన్ల సగటులో అది మూడు శాతం పైచిలుకే. ఆ పది సెకన్లలో బఫర్ నిండి ప్యాకెట్లు పడిపోతాయి, కాల్‌లో మాట తెగిపోతుంది. అందుకని యుటిలైజేషన్ (లింకు వాడకం శాతం) ఒక్కటే నమ్ముకోకుండా అవుట్‌పుట్ డిస్కార్డ్స్ (పోర్టు పంపలేక పడేసిన ప్యాకెట్ల లెక్క) మీద కూడా అలర్ట్ పెట్టండి. ఈ కౌంటర్ పెరుగుతూ పోయేదే కాబట్టి మొత్తం అంకె మీద కాదు, రెండు పోలింగ్‌ల మధ్య ఎంత పెరిగిందో దాని మీద పెట్టాలి. సీఆర్‌సీ ఎర్రర్లకూ (దారిలో పాడై వచ్చిన ఫ్రేముల లెక్క) ఇదే పద్ధతి. అవి ఆగకుండా పెరుగుతుంటే ముందు కేబులు, ఎస్‌ఎఫ్‌పీ (పోర్టులో గుచ్చే ట్రాన్స్‌సీవర్ మాడ్యూల్) చూడండి.

సమస్య: నిండుగా నడిచే గిగాబిట్ పోర్టు ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది

పోర్టులో వెళ్లిన బైట్లను లెక్కించే 32 బిట్ల కౌంటర్ చదువుతున్నారేమో చూడండి. పూర్తి 1 జీబీపీఎస్ దగ్గర అది సుమారు 34 సెకన్లకే నిండి మళ్లీ సున్నాకు వస్తుంది. ఐదు నిమిషాలకోసారి చదివితే వచ్చే లెక్కకు అర్థం లేదు. ఐఎఫ్‌హెచ్‌సీఇన్‌ఆక్టెట్స్, ఐఎఫ్‌హెచ్‌సీఅవుట్‌ఆక్టెట్స్ అనే 64 బిట్ల కౌంటర్లకు మారండి. స్విచ్ నుంచి ఈ అంకెలు తెచ్చే ప్రొటోకాల్ ఎస్‌ఎన్‌ఎంపీ. దాని వెర్షన్ 1లో అవి రావు, 2సీ గానీ 3 గానీ కావాలి. 10 జీ పోర్టయితే వేగాన్ని ఐఎఫ్‌హైస్పీడ్ అనే విలువ నుంచి తీసుకోండి.

సమస్య: సాయంత్రమయ్యేసరికి లింక్ డౌన్‌ల వరద

జనం కంప్యూటర్లు ఆపి ఇంటికెళ్తున్నారు, అంతే. లింక్ డౌన్ అలర్ట్ అప్‌లింక్‌లకు, సర్వర్ పోర్టులకు ఉంచి, డెస్కు పోర్టులకు తీసేయండి.

సమస్య: ఉష్ణోగ్రత అలర్ట్ ఆలస్యంగా వస్తుంది

చిప్ దగ్గరి సెన్సర్, గాలి లోపలికి వచ్చే చోటి సెన్సర్ ఒకే అంకె చూపవు. రెండింటికీ ఒకే థ్రెషోల్డ్ పెడితే ఒకటి ఊరికే మోగుతుంది, ఇంకోటి అసలు మోగదు. మే నెల మధ్యాహ్నం ఏసీ నడుస్తుండగా ఏ సెన్సర్ ఎంత చూపుతోందో రాసుకుని, దానికి కొంచెం పైన, తయారీదారు చెప్పిన హద్దుకు బాగా కింద వార్నింగ్ పెట్టండి. చెన్నై ఎండల్లో ఏసీ ఆగితే చిన్న ర్యాక్ గది త్వరగా వేడెక్కుతుంది. కాబట్టి ఈ అలర్ట్ మెయిల్‌కే కాకుండా ఫోన్‌కూ వెళ్లాలి.

పాలసీ మార్చాక ఖాళీ పోర్టులో ల్యాప్‌టాప్ పెట్టి, థ్రెషోల్డ్ తాత్కాలికంగా బాగా తగ్గించి, అలర్ట్ ఫోన్ దాకా చేరిందో లేదో చూడండి. ట్రాప్‌లను (స్విచ్ తనంతట తానే పంపే హెచ్చరికలు) విడిగా పరీక్షించాలి. అవి చేరినట్టు జవాబు అడగని యూడీపీ ప్రొటోకాల్ పోర్టు 162 మీద వెళ్తాయి, మధ్యలో ఫైర్‌వాల్ ఆపేసినా పంపిన స్విచ్‌కు ఆ సంగతి తెలియదు.