కుక్క కరిచిన వెంటనే ఏం చేయాలి, ఎందుకు చేయాలి

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున పడవల నుంచి చేపలు దించే వేళ కుక్కలు గుంపులుగా మూగుతాయి కనుక, అక్కడ పనిచేసేవారికి కుక్కకాటు కొత్త కాదు. కిందటేడు మా వీధిలో ఒక పిల్లవాడి పిక్కను కుక్క పట్టుకున్నప్పుడు, వాళ్ల నాయనమ్మ కంగారుగా పసుపు, సున్నం కలిపి పట్టించింది. ఆ ఎర్రటి ముద్ద కింద రెండు పంటి గాట్లు కనబడకుండా పోయాయి. ఆమె ప్రేమలో లోపం లేదు, కానీ గాయాన్ని అలా కప్పేయకూడదు.

కుక్కకాటుతో వచ్చే ప్రాణాంతక వ్యాధి రేబిస్. దాని వైరస్ ఆ వ్యాధి సోకిన జంతువు చొంగలో ఉంటుంది. గాటు గుండా కండలోకి చేరి, అక్కడి నరాల కొనల్లోకి దూరి, నరం వెంబడే నిదానంగా మెదడు వైపు పాకుతుంది. రక్తంలో తిరగకుండా నరాల చాటున సాగే ఈ వైరస్‌ను మన రోగనిరోధక వ్యవస్థ సకాలంలో పసిగట్టలేదు. శరీరం తనంతట తాను యాంటీబాడీలు, అంటే వైరస్‌ను అడ్డుకునే ప్రోటీన్లు, తయారుచేసుకునేసరికి చేయి దాటిపోతుంది. లక్షణాలు సాధారణంగా రెండు మూడు నెలలకు, ఒక్కోసారి వారం రోజులకే కనిపిస్తాయి. అవి మొదలయ్యాక బతికి బయటపడటం దాదాపు అసాధ్యం. అందుకే ఆ ప్రయాణం పూర్తికాకముందే మనం అడ్డుపడాలి.

మొదట గాయాన్ని కుళాయి ధార కింద పెట్టి, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. వైరస్ పైపొరలో కొవ్వు ఉంటుంది, సబ్బు దాన్ని కరిగిస్తుంది. గడియారం చూసుకుంటూ కడగండి, ఎందుకంటే కంగారులో రెండు నిమిషాలే పదిహేనులా తోస్తాయి. తర్వాత పోవిడోన్ అయోడిన్ అనే క్రిమిసంహారక మందు రాయండి. కారం, కాఫీపొడి, ఆకుపసరు వద్దు, కట్టు బిగించవద్దు.

అదే రోజు విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)కో, దగ్గరలోని ప్రభుత్వాసుపత్రికో వెళ్లాలి. టీకాను చర్మంలోకి ఇస్తే, మొదటి డోసు రోజును 0గా లెక్కించి 0, 3, 7, 28 రోజుల్లో, ప్రతిసారీ రెండు చోట్ల వేస్తారు. బొడ్డు చుట్టూ 14 సూదులన్న పాత భయం ఇప్పుడు అక్కర్లేదు. అయితే టీకా వల్ల యాంటీబాడీలు పుట్టడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. చర్మం చీలి రక్తం వచ్చిన గాయమైతే, ఈలోగా కాపు కాయడానికి సిద్ధంగా ఉన్న యాంటీబాడీలను, అంటే ఇమ్యునోగ్లోబులిన్‌ను, గాయంలోనూ దాని చుట్టూనూ ఎక్కించాలి. ఇది చాలామందికి తెలియదు, కనుక మీరే అడగండి.

టీకా చీటీని పారేయకండి. ఒకసారి పూర్తిగా టీకా తీసుకున్న శరీరం ఈ వైరస్‌ను గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి, మళ్లీ కుక్క కరిస్తే 0, 3 రోజుల్లో రెండు డోసులు సరిపోతాయి. డాక్టరు మొదట చూసేది ఆ చీటీనే.