కొత్త బండి చైన్ చప్పుడు ఇంట్లోనే పోగొట్టాను

బండి కొని రెండు నెలలు కాలేదు, స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా వెనక టకటకమని చప్పుడు. నేను పెట్టించిన సైడ్ బాక్స్ వల్లేమో అని విప్పేశాను, పోలేదు. సెంటర్ స్టాండ్ వేసి చైన్‌ను వేలితో పైకి నొక్కితే 50 మి.మీ. ఊగింది. మాన్యువల్‌లో రాసింది 25-35, అంటే చైన్ వదులైంది. కొత్త చైన్ మొదట్లో కాస్త సాగుతుంది, కంగారు అక్కర్లేదు.

ఇంజన్ ఆపి, కిరోసిన్ బ్రష్‌తో మట్టి వదిలించి తుడిచాను. యాక్సిల్ నట్ (వెనక చక్రం ఇరుసు నట్) వదులు చేసి, రెండు వైపులా చైన్ బిగించే అడ్జస్టర్లను పావు చుట్టు చొప్పున తిప్పాను. ఇక్కడ తొందర అస్సలు వద్దు: స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) మీది గీతలు రెండు పక్కలా కలవాలి, లేకపోతే చక్రం వంకరగా కూర్చుంటుంది. నట్ గట్టిగా బిగించి, చైన్ మీద 90 గేర్ ఆయిల్ చుక్కలుగా వేశాను.

చక్రం వెనక్కి జరిగితే డ్రమ్ బ్రేక్ రాడ్ కూడా బిగుస్తుంది. నాకు అదీ కొంచెం వదులు చేయాల్సి వచ్చింది.