మొగలి పువ్వు నచ్చే ముక్కుకి ఏ పెర్ఫ్యూమ్ నప్పుతుంది? మన బరంపురం వాళ్ళ కోసం సెంటు ఫ్యామిలీల సంగతి

షాపుకెళ్ళి ఒకేసారి ఆరేడు టెస్టర్లు కొట్టించుకుని, ముక్కు మొద్దుబారిపోయాక ఏదో ఒకటి తీసేసుకుని, ఇంటికొచ్చాక అది నచ్చక బీరువాలో మూల పడేసేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. అలా డబ్బులు పోకూడదంటే ముందు బ్రాండ్ పేర్లు, సీసా మీద మగవాళ్ళకి ఆడవాళ్ళకి అని రాసినవి అన్నీ పక్కన పెట్టేసి, చిన్నప్పట్నుంచి మీకు ఏ వాసనంటే ప్రాణమో ఒక కాగితం మీద రాసుకోండి. మల్లెపూలు, దవనం, సాంబ్రాణి పొగ, గంధం, నిమ్మాకు, తొలకరికి తడిసిన మట్టి, ఏదైనా సరే. పెర్ఫ్యూమ్ వాళ్ళు ఫ్యామిలీలు అనేవి కూడా ఈ వాసనల చుట్టూ తిరిగేవే, మీ ముక్కుకి అవి ఎప్పట్నుంచో తెలుసు, పేర్లే తెలీవు అంతే.

మైకేల్ ఎడ్వర్డ్స్ అనే పెర్ఫ్యూమ్ నిపుణుడు 1992లో ఫ్రాగ్రెన్స్ వీల్ అని ఒక చక్రం గీశాడు, ఇప్పటికీ చాలా షాపుల్లో దాన్నిబట్టే చెప్తారు. అందులో పెద్ద ఫ్యామిలీలు నాలుగు, ఫ్లోరల్, ఆంబర్, వుడీ, ఫ్రెష్. ఆంబర్‌ని ఇదివరకు ఓరియంటల్ అనేవాళ్ళు, పాత రివ్యూల్లో ఆ పేరే కనిపిస్తుంది, రెండూ ఒకటే. చక్రంలా ఎందుకు గీశాడంటే పక్కపక్కనున్నవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి కాబట్టి, మీకు ఒక ఫ్యామిలీ నచ్చిందంటే దాని పక్కింట్లోది కూడా నచ్చే అవకాశం ఎక్కువ.

ముందు పూల సంగతి చూద్దాం, ఎందుకంటే మన గంజాం జిల్లా వాళ్ళకి ఇందులో ఎవరికీ లేని అదృష్టం ఉంది. ఛత్రపురం, చికిటి వైపు గట్ల మీద, పొలాల చుట్టూ కంచెలా పెరిగే మొగలి పొదలు చూసే ఉంటారు, ఒడియా వాళ్ళు కియా అంటారు, పాములుంటాయని పెద్దవాళ్ళు దగ్గరికి పోనిచ్చేవాళ్ళు కాదు. వానాకాలంలో వాటి మగపువ్వులు కోసి, డేగులనే పెద్ద రాగి బట్టీ పాత్రల్లో నీళ్ళతో కాచి, ఆ ఆవిరిని గంధం నూనెలోకి పట్టిస్తే కేవడా అత్తరు, నూనేం కలపకుండా ఉత్త పువ్వు తైలమే తీస్తే రూహ్. గంజాం కేవడా రూహ్‌కి జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ప్రాంతానిదే అని చెప్పే ప్రభుత్వ గుర్తింపు కూడా ఉంది. ఈ వాసన గులాబీలా మెత్తగా ఉండదు, తియ్యగా మొదలై పచ్చి ఆకులా ఘాటుగా ముక్కుకి తగుల్తుంది. ఇది మీకు ఇష్టమైతే మీది గట్టి పూల వాసన ఇష్టపడే ముక్కు అన్నమాట, అప్పుడు మల్లె, రజనీగంధ ఉన్న వైట్ ఫ్లోరల్స్ చూడండి. మొగలి అంటేనే తలనొప్పి వచ్చేవాళ్ళు వాటి జోలికి పోకుండా సాఫ్ట్ ఫ్లోరల్ వైపు వెళ్ళండి, అవి పౌడర్ రాసుకున్న వాసనలా నెమ్మదిగా ఉంటాయి, 1921లో వచ్చిన షనెల్ నంబర్ ఫైవ్ ఆ దారిలోదే.

సాంబ్రాణి పొగ ఇష్టమా, అయితే మీది ఆంబర్. నిజంగానే ఆంబర్ పెర్ఫ్యూముల్లో సాంబ్రాణి బంక, లాబ్డనమ్ అనే ఇంకో బంక, వెనిల్లా కలిపి వాడతారు. 1925లో గెర్లెన్ కంపెనీ తెచ్చిన షాలిమార్ పెర్ఫ్యూమ్ దీనికి పెద్దక్క లాంటిది. దీని పక్కనే గోర్మాండ్ అని తినే వాసనలు, పీచుమిఠాయి, కారమెల్, చాక్లెట్, 1992లో ఏంజెల్ అనే పెర్ఫ్యూమ్ వచ్చాక ఇవి ఊపందుకున్నాయి. ఛెనాపొడ (ఒడియా వాళ్ళ కాల్చిన పనీర్ మిఠాయి) కాలుతున్నప్పుడు అడుగున మాడిన పంచదార వాసనకి నోరూరేవాళ్ళకి ఇవి బాగా నచ్చుతాయి, కానీ మే నెలలో కొట్టుకుని బస్సెక్కకండి, పక్కవాళ్ళకి ఊపిరాడదు. కోరాపుట్, సెమిలిగూడ వైపు ఉన్నవాళ్ళు మాత్రం చలికాలంలో హాయిగా వాడుకోవచ్చు.

వుడీ అంటే గంధం, దేవదారు, వట్టివేళ్ళు. గంధం పాలలా మెత్తగా ఉంటుంది, వట్టివేళ్ళు పొడిగా మట్టి వాసనతో ఉంటాయి, రెండూ ఒకే ఫ్యామిలీ అయినా ఒకటి నచ్చినవాళ్ళకి ఇంకోటి నచ్చాలని లేదు, విడివిడిగా చూసుకోవాలి. నన్నడిగితే మన ఉక్కపోతకి వట్టివేళ్ళని మించింది లేదు, వేసవిలో కిటికీకి వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లిన ఇళ్ళలో పెరిగినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. తడిమట్టి వాసన పిచ్చి ఉన్నవాళ్ళు ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో చేసే మిట్టీ అత్తరు ఒకసారి చూడండి, కాల్చిన మట్టిని డేగులో వేసి దాని ఆవిరిని గంధం నూనెలోకి పట్టిస్తారు.

ఫ్రెష్‌లో నిమ్మ, నారింజ, పచ్చి ఆకులు, సముద్రపు గాలి. ఆ సముద్రపు వాసన కాలోన్ అనే రసాయనంతో వస్తుంది, 1966లో ఫైజర్ కంపెనీలో తయారైంది. మరువం, లావెండర్ లాంటి ఘాటు ఆకుల వాసనలు అరోమాటిక్, మంగలి షాపులో గడ్డం గీశాక రాసే లోషన్ వాసన ఇష్టపడేవాళ్ళు ఇటు వెళ్ళాలి. నిమ్మ జాతి వాసనలు త్వరగా ఎగిరిపోతాయి, మన ఎండకి ఇంకా తొందరగా పోతాయి, అది నకిలీ అనుకోవద్దు, వాటి గుణమే అంత.

ఇప్పుడు చూసే పద్ధతి. కాగితం స్ట్రిప్ మీద వాసన చూసి నచ్చనివి తీసెయ్యండి, అంతేగానీ నచ్చింది కదా అని అక్కడికక్కడే కొనకండి. ఎందుకంటే కొట్టగానే వచ్చేది టాప్ నోట్, అది పావుగంటో అరగంటో, తర్వాత వచ్చే మిడిల్ నోట్ కొన్ని గంటలుంటుంది, సాయంత్రానికి ఒంటి మీద మిగిలేది బేస్ నోట్, మీరు రోజంతా మోసేది ఆ చివరి రెండూ. అందుకని ఎక్కువ వాసన లేని సబ్బుతో స్నానం చేసి ఒక్కో మణికట్టుకి ఒక్కోటి, రోజుకి రెండే కొట్టుకోండి, రెండు చేతులూ కలిపి రుద్దొద్దు, పది నిమిషాలకి ఒకసారి, గంటకి ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి ఏమనిపించిందో ఫోన్లో రాసుకోండి. మధ్యలో ముక్కు పనిచెయ్యకపోతే మీ మోచేతి మడతలో వాసన చూడండి, అదే చాలు. పొడి చర్మం వాళ్ళకి వాసన తొందరగా పోతుంది, ముందు కాస్త వాసన లేని మాయిశ్చరైజర్ రాసుకుంటే నిలుస్తుంది. కొంతసేపటికి మీ సెంటు మీకే తెలీకుండా పోవడం మామూలే, పోయింది కదా అని మళ్ళీ కొట్టుకోకండి, పక్కవాళ్ళకి తెలుస్తూనే ఉంటుంది.

సీసా మీద ఈడీటీ (ఓ ద టాయ్లెట్) అని ఉంటే అందులో సువాసన తైలం దాదాపు 5 నుంచి 15 శాతం, ఈడీపీ (ఓ ద పర్ఫ్యూమ్) అని ఉంటే 15 నుంచి 20 దాకా ఉంటుంది, కంపెనీని బట్టి మారుతుంది. మొదట పెద్ద సీసా వద్దు, అదే పెర్ఫ్యూమ్ చిన్న శాంపిల్ దొరికితే తీసుకుని ఒక వారం ఎండలో, ఏసీలో, రెండు చోట్లా వాడి చూడండి.

అత్తరు కొంటే నూనె కాబట్టి ఒక్క బొట్టు చెవి వెనక చాలు, ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు చూసి దురద రాలేదంటేనే వాడండి. మరీ చవగ్గా కేవడా రూహ్ అని ఎవరైనా ఇస్తే నమ్మకండి, అసలు రూహ్ అంత చవగ్గా రాదు. అత్తరైనా స్ప్రే అయినా బరంపురం పట్టు మీద మాత్రం పడనివ్వకండి, మరక పడితే పోదు, ముందు ఒంటికి రాసుకుని ఆరాక చీర కట్టుకోండి.